నలభై ఒక్క బొమ్మలు

స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
జూలై 9

అక్కా,

ఫోన్‌లో అయితే నేను అసలు విషయానికి వచ్చేసరికి "సరేలే, ఫైలు వచ్చింది" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. పరీక్షల ఆఫీసులో ఎంత పెద్ద అధికారివైనా చెల్లెలి ఉత్తరం చదవడానికి పది నిమిషాలు దొరక్కపోవులే.

ఈ ఏడు నాకు ఎనిమిదో తరగతి ఇచ్చారు. అంటే ఏడాది చివర మీ ఆఫీసు పెట్టే పరీక్ష రాయాల్సిన పిల్లలు. నలభై ఒక్కమంది. మొదటిరోజు "మా ఇల్లు" గురించి ఒక పేజీ రాయమన్నాను. ఒక్కరూ తల ఎత్తకుండా చకచకా రాసేశారు. మురిసిపోయి పుస్తకాలు తెరిచాను. నలభై ఒక్క ఇళ్ళ ముందూ పూలతోట ఉంది. తోట నిండా రంగురంగుల పూలు, పూల మీద సీతాకోకచిలుకలు. అందరి నాన్నలూ ఒకే వాలుకుర్చీలో కూర్చుని ఒకే పేపరు చదువుతున్నారు.

ఈ పిల్లల్లో సగంమంది ఫ్యాక్టరీ గోడ ఎదుటి అద్దెగదుల్లో ఉంటారు. పూలతోట సంగతి దేవుడెరుగు, చెప్పులు విడిచే చోటు కూడా ఉండదు. అదంతా గైడులో వ్యాసం. మూడో తరగతి నుంచి దాన్నే బట్టీ పట్టిస్తున్నారట. సొంతంగా ఒక్క వాక్యం రాయమంటే పెన్ను నోట్లో పెట్టుకుని నా మొహం చూస్తున్నారు.

మా డ్రాయింగ్ మాస్టారికి రిటైర్మెంటు ఏడాదిలో ఉంది. ఆయన పీరియడ్లన్నీ తీసి లెక్కలకు ఇచ్చేశారు. పాపం రోజంతా కూర్చుని పెన్సిళ్ళు చెక్కుకుంటూ ఉంటారు. నా గోడు విని ఆయన "వాళ్ళకి మాటలు రాకపోవడం కాదమ్మా, చూడటం ఎవరూ నేర్పలేదు. ఒక వారం నాకివ్వండి" అన్నారు. ఇచ్చాను. ఒక్కొక్కరి చేత అట్టముక్కలో అగ్గిపెట్టెంత కన్నం కోయించారు. ఇంటికి వెళ్ళి ఆ కన్నంలోంచి ఒక్కచోటు చూడాలి. అందులో పడ్డదే గీయాలి. గీసిన దాని గురించే రాయాలి, గీయనిది రాయకూడదు.

ఏమవుతుందో చూద్దాం. నువ్వు తిడతావని తెలుసు. తిడుతూనే అయినా ఉత్తరం రాయి.

నీ చెల్లి

*

పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
జూలై 20

మొండీ,

ఉత్తరం అందింది. ఫైళ్ళ మధ్యలో కాదు, భోజనం డబ్బా పక్కన పెట్టుకుని తీరిగ్గా చదివాను. కాబట్టి దెప్పడం ఆపు.

వినడానికి బాగానే ఉంది. ఇక్కడ జరిగేది కూడా విను. దిద్దేవాళ్ళకు ఒక్కో పత్రానికి దొరికేది ఆరు నిమిషాలు. వాళ్ళ ముందు ఒక కాగితం ఉంటుంది. ప్రారంభానికి ఇన్ని, వర్ణనకు ఇన్ని, ముగింపుకు ఇన్ని. పూలతోట కనబడగానే చెయ్యి దానంతటదే ఏడు వేస్తుంది. చెప్పుల చోటు కనబడితే ఆగి ఆలోచించాలి. ఆలోచించే ఓపిక సాయంత్రానికి ఎవరికీ మిగలదు. నేను ఈ విభాగం నడుపుతున్నాను, నాకు తెలియదా?

మీ వైపు ఎనిమిది తప్పినవాళ్ళు మళ్ళీ బడి గడప తొక్కరు. ఆ మాట నువ్వే చెప్పావు ఒకసారి. నీ ప్రయోగం బెడిసికొడితే నీ జీతానికేం కాదు. పోయేది వాళ్ళ చదువు. ఆ అట్టముక్కలు ఆరో తరగతిలో పంచుకో, ఎనిమిదిని వదిలెయ్యి.

పెన్సిళ్ళు చెక్కే మాస్టారికి నమస్కారాలు చెప్పు.

అక్క

*

స్టాఫ్ రూమ్, బీరువా పక్క బల్ల
నవంబరు 14

అక్కా,

బల్ల మారిందని గమనించావా? కిటికీ పక్కనుంచి నన్ను బీరువా చాటుకు జరిపారు. అది హెడ్మాస్టరుగారి శిక్ష. కారణం చెబుతాను.

మా క్లాసులో ఒక పిల్ల ఉంది. ఏది అడిగినా తనలో తను గొణుక్కుంటుంది, అందుకని అందరూ గొణుగుడు అంటారు. నాలుగు నెలలు ఖాళీ పుస్తకాలే ఇచ్చింది. కిందటి వారం ఒక బొమ్మ తెచ్చింది. ఏటవాలుగా గీతలు, కింద మూలలో నడుము వంచి నిలబడ్డ ఆడమనిషి. "ఇదేమిటమ్మా?" అంటే "మా ఇల్లు" అంది. "ఇల్లు ఇలా వాలుగా ఉందేం?" అంటే, "మెట్ల కింద కదా మేడం" అంది. అయితే అదే రాయమన్నాను. ఏం రాసిందో చూడు, ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

"మా ఇల్లు మెట్ల కింద ఉంది. మా అమ్మ ఒకవైపే నిలబడగలదు. రెండోవైపు నేను నిలబడతాను. ఎవరు దిగినా మాకు తెలుస్తుంది. మూడో అంతస్తు తాతగారు ఈమధ్య ఒక కాలు ఆలస్యంగా వేస్తున్నారు. ఆయనకు బాగోలేదని వాళ్ళింట్లో వాళ్ళకన్నా ముందు మాకే తెలిసింది."

మళ్ళీ మళ్ళీ చదివాను అక్కా. ఏడుపొచ్చింది. ఈ పిల్లను ఇన్నాళ్ళూ మొద్దు అన్నారు.

ఇప్పుడు నలభై ఒక్కమందీ రాస్తున్నారు. తప్పులుంటున్నాయి, వాక్యాలు కుంటుతున్నాయి, అయినా ఒకరిది చదివితే ఇంకొకరిది అనిపించదు. ఇది చూసి హెడ్మాస్టరుగారు ఒంటికాలి మీద లేచారు. "భాష పీరియడ్‌లో బొమ్మలేంటి? వీళ్ళేమన్నా చంటిపిల్లలా?" అని రంగుపెన్సిళ్ళు, అట్టముక్కలు అన్నీ ఆ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువా పక్కనే నన్ను కూర్చోబెట్టారు. మర్నాడు పిల్లలు మామూలు పెన్నుతో గీయడం మొదలుపెట్టారు. అట్టముక్క లేకపోతే ఏం, బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా పెట్టి చూస్తున్నారు. వేళ్ళకు తాళం వేయలేరు కదా.

నేను ఆపను. ఈ సంగతి ఆయనకూ చెప్పాను, నీకూ చెబుతున్నాను.

నీ మొండి

*

ఇల్లు, ముందుగది
నవంబరు 27

చెల్లీ,

ఇది ఆఫీసులో కూర్చుని రాయలేకపోయాను.

ఆ పూలతోట వ్యాసం నేను రాసిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో గైడు వేసేవాళ్ళు అడిగితే వరసగా పాతిక వ్యాసాలు రాసిచ్చాను. దాని మీద నా పేరు లేదు. పద్దెనిమిదేళ్ళుగా అదే అచ్చవుతోంది. నువ్వు మొదటి ఉత్తరంలో వెక్కిరించినప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు.

నన్ను తిట్టేముందు ఇంకొకటి విను. నాకు పన్నెండేళ్ళప్పుడు, నీకు నాలుగు. కుట్టుమిషన్ల దుకాణం వెనక గది నీకు గుర్తుండదేమో. బడిలో "మా ఇల్లు" రాయమన్నారు. నేను ఉన్నదున్నట్టు రాశాను. మా ఇంట్లో మంచం ఒక్కటే, అమ్మా నేనూ చెల్లీ దానిమీద అడ్డంగా పడుకుంటాం, కాళ్ళు బయటికి వస్తాయి కాబట్టి వాటికింద స్టూలు వేసుకుంటాం అని. మాస్టారు దాన్ని క్లాసులో గట్టిగా చదివారు. మెచ్చుకోవడానికే చదివారో ఏమో ఇప్పటికీ తెలియదు. క్లాసంతా పగలబడి నవ్వింది. బడి మారేదాకా నా పేరు స్టూలు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీకే మొదటిసారి చెబుతున్నాను.

అందుకే తోట రాశాను. ప్రతి పిల్లకీ ఇంటి ముందు ఒక తోట ఉంటే ఎవరూ ఎవర్నీ చూసి నవ్వరు. దాని వెనక ఎవరైనా దాక్కోవచ్చు. అది అబద్ధమే, కాదనను. నా మట్టుకు అది దయతో రాసిన అబద్ధం.

నీ గొణుగుడు పిల్ల మెట్ల కింద ఉంటుందని రేపు వీధంతా తెలిస్తే ఆ పిల్ల మొహం ఎక్కడ పెట్టుకుంటుందో ఆలోచించావా? పరీక్షలయ్యేదాకా ఆపు. నా మాట విను.

అక్క

*

స్టాఫ్ రూమ్, బీరువా పక్క బల్ల
డిసెంబరు 3

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి ఆ మాస్టారి చొక్కా పట్టుకుని అడగాలనిపించింది. మూడోసారి, ఆ మంచం మీద నీ పక్కన పడుకున్నది నేనే కదా, నాకెందుకు చెప్పలేదని ఏడ్చాను.

అయినా ఒకమాట. నువ్వు ఆరోజు తప్పేమీ రాయలేదు. నవ్వినవాళ్ళది తప్పు, నవ్వనిచ్చిన మాస్టారిది తప్పు. దానికి మందు ఇంకో పద్దెనిమిదేళ్ళు పిల్లలందరి నోళ్ళూ మూయించడమా? నువ్వు దాక్కోవడానికి చోటిచ్చాననుకున్నావు. వాళ్ళు అందులోంచి బయటికి రాలేక పెన్ను నములుతున్నారు.

నా క్లాసులో ఎవరూ నవ్వలేదు. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. ఎందుకు నవ్వలేదంటే ముందే అందరూ తమ తమ బొమ్మలు గోడకు అంటించారు. ఇరవై ఇళ్ళకు కిటికీ లేదని అందరికీ ఒకేసారి తెలిసింది. ఇక ఎవరు ఎవరిని చూసి నవ్వుతారు? గొణుగుడు పిల్లను "తాతగారు ఎలా ఉన్నారు?" అని రోజూ అడుగుతున్నారు.

నేను ఆపను. నువ్వు కన్నీళ్ళు పెట్టుకుని అడిగినా సరే.

నీ చెల్లి

*

పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
ఏప్రిల్ 6

చెల్లీ,

నాలుగు నెలలుగా మనకు మాటల్లేవు. ఇలాంటి కబురుతో మొదలుపెట్టాల్సి వచ్చింది.

మీ బడి పిల్లల భాష జవాబు పత్రాల కట్టను పక్కన పెట్టారు. నలభై ఒక్క పత్రాల్లోనూ మొదటి పేజీ ఖాళీచోటులో బొమ్మలున్నాయి. జవాబు పత్రంలో ఎక్కడైనా గుర్తు ఉంటే ఆ పత్రం చెల్లదు. బొమ్మ కూడా, దిద్దేవాళ్ళకు ఎవరి పత్రమో తెలిసేలా ముందే మాట్లాడుకున్న గుర్తు కింద లెక్క. అట్ట మీద మూడో సూచన అదే.

పత్రం చెల్లకపోతే భాషలో సున్నా. సున్నా అంటే క్లాసు మొత్తం తప్పినట్టు.

ఇరవయ్యో తేదీన కమిటీ కూర్చుంటుంది. ఒక దారి చూశాను. దీంతో పాటు ఒక ఫారం పంపుతున్నాను. "పిల్లలకు తెలియదు, నా ప్రోద్బలంతో జరిగింది, ఇకపై తరగతిలో బొమ్మలు గీయించను" అని ఉంటుంది. సంతకం పెట్టు. అప్పుడు మిగతా సబ్జెక్టుల సగటును భాషకు వేసి అందరినీ గట్టెక్కించవచ్చు. నీ సర్వీసులో ఒక మచ్చ పడుతుంది, అంతే. దయచేసి ఈ ఒక్కసారి మొండికెయ్యకు.

అక్క

*

స్టాఫ్ రూమ్, బీరువా పక్క బల్ల
ఏప్రిల్ 9

అక్కా,

తప్పు నాదే. పరీక్షకు ముందురోజు పిల్లలు అడిగారు, "మేడం, ముందు బొమ్మ గీసుకోవచ్చా?" అని. మొదటి పేజీ ఖాళీగా ఉంటుంది కదా, గీసుకోండి అన్నాను. పదకొండేళ్ళుగా ఆ పత్రాలు పిల్లలకు పంచుతున్నాను. అట్ట మీద చిన్నక్షరాలు ఒక్కసారీ చదవలేదు. పిల్లలకు చదవడం నేర్పే మనిషిని. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నీ ఫారం తిరిగి పంపుతున్నాను. "నా ప్రోద్బలంతో" అన్నచోట సంతకం ఉంది. "ఇకపై గీయించను" అన్న వాక్యం కొట్టేశాను. కొట్టివేత పక్కన కూడా సంతకం పెట్టాను, రేపు ఎవరో కొట్టేశారని అనకుండా.

సగటు మార్కులు కూడా వద్దు. ఇది నా పంతం కాదు. ఫారం వచ్చిన రోజు సాయంత్రం నలభై ఒక్కమందినీ, వచ్చిన తల్లిదండ్రులనూ కూర్చోబెట్టి అడిగాను. సున్నా వస్తే ఏమవుతుందో దాచకుండా చెప్పాను. ఒకాయన నామీద కేకలేశాడు, వేయాల్సిందే. చివర గొణుగుడు పిల్ల లేచింది. ఈసారి అందరికీ వినపడేలా అంది, "మేము రాసింది చదవకుండా పాస్ చేస్తారా? చదివి ఫెయిల్ చేయమనండి." కేకలేసినాయన కూడా సరేనన్నాడు.

అందుకని నేను అడిగేది ఒక్కటే. కమిటీకి ముందు నువ్వు ఆ కట్ట విప్పు. చదువు. ఆరు నిమిషాలు కాదు, చదవడానికి ఎంతసేపు పడితే అంతసేపు. ఆ తర్వాత సున్నా వేయాలనిపిస్తే వెయ్యి. నీతో పోట్లాడతానేమో గాని నిన్ను తప్పుపట్టను.

నీ మొండి

*

పరీక్షల ఆఫీసు, రెండో అంతస్తు
ఏప్రిల్ 30

మొండీ,

చదివాను. శనివారం, ఆదివారం రెండురోజులూ ఆఫీసులో కూర్చుని చదివాను. "మా వీధి" గురించి రాయమని ప్రశ్న. గైడు ప్రకారం వీధికి ఇరువైపులా చెట్లుండాలి. ఆ చెట్లు కూడా నేను నాటినవే. నీ పిల్లల్లో ఒక్కరి వీధిలోనూ అవి లేవు. ఒక పత్రంలో ఇలా ఉంది.

"మా వీధిలో ఒకవైపు ఇళ్ళు, ఒకవైపు ఫ్యాక్టరీ గోడ. ఇళ్ళవైపు నడిచేవాళ్ళు ఆగి మాట్లాడుకుంటూ నడుస్తారు. గోడవైపు నడిచేవాళ్ళు తల దించుకుని తొందరగా నడుస్తారు. పని పోయిన దగ్గర్నుంచి మా నాన్న గోడవైపు నడుస్తున్నాడు."

ఎవరి పత్రమో చెప్పకు. నీకు తెలిసినా చెప్పకు. పైన బొమ్మలో వీధి మధ్యలో పొడవునా ఒక గీత, గీతకు అవతల ఒక్క మనిషి. ఆ గీత లేకపోతే ఆ పిల్లవాడికో పిల్లకో ఆ మాట దొరికేది కాదు. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు రెండురోజులు పట్టింది.

కమిటీలో మొదట నువ్వు నా చెల్లెలివని చెప్పాను. గదిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. మార్కులు వేసే పనిలో నేను ఉండకూడదు కాబట్టి తప్పుకుంటున్నానని రాసిచ్చాను. తప్పుకునే ముందు నలభై ఒక్క బొమ్మలూ బల్లమీద పరిచాను. "గుర్తు అంటే ముందే అనుకుని పెట్టుకునేది. ఇందులో ఏ రెండు బొమ్మలైనా ఒకలా ఉంటే చూపించండి, నలభై ఒక్క సున్నాలూ నేనే వేస్తాను" అన్నాను. మధ్యాహ్నం దాకా వెతికారు. దొరకలేదు. లెక్కల పత్రంలో చిత్తుపని ఎలాగో ఇదీ అలాగే అని రాయించాను. వేరే ఊరి నుంచి ఇద్దరిని పిలిపించి దిద్దించారు.

ముప్పై నాలుగు మంది పాసయ్యారు. ఏడుగురు తప్పారు. గొణుగుడు పిల్ల తప్పింది. మెట్లన్నీ వరసగా గీసి కూర్చుంది, రాయడానికి టైము మిగల్లేదు. నాలుగు వాక్యాలే ఉన్నాయి. నాలుగు వాక్యాలకు ఎన్ని మార్కులు రావాలో అన్నే వచ్చాయి. నేను ఒక్క మార్కు కూడా అడగలేదు. నువ్వూ అడగవని తెలుసు.

గైడు వాళ్ళకు ఉత్తరం రాశాను, నా పాతిక వ్యాసాలూ తీసేయమని. తీయరేమో. రాసినంతవరకు నా మనసు తేలికపడింది.

విభాగం వేరేవాళ్ళకు ఇచ్చారు. నన్ను పరీక్ష గదుల పర్యవేక్షణకు వేశారు. ఊళ్ళు తిరిగే ఉద్యోగం. నడుం నొప్పికి నడక మంచిదేలే.

అక్క

*

వరండా, ఒకటో తరగతి ముందు
మే 11

అక్కా,

నాకు ఒకటో తరగతి ఇచ్చారు. బొమ్మలంటే అంత ఇష్టమైతే చంటిపిల్లల దగ్గరే ఉండమన్నారు హెడ్మాస్టరుగారు. అది శిక్ష అని ఆయన అనుకుంటున్నారు. ఎనిమిదేళ్ళ తర్వాత మీ పరీక్షకు వచ్చేది వీళ్ళే అని ఆయనకు ఇంకా తట్టలేదు.

నీ బల్ల పోయిందని విని బాధపడ్డాను. అంతకన్నా ఎక్కువ గర్వపడ్డాను. ఈ రెండోమాట ఎప్పుడూ నీతో అనలేదు కాబట్టి రాసి పెడుతున్నాను, దాచుకో.

ఏడుగురూ రోజూ మా ఇంటికి వస్తున్నారు. ఒక్కరూ మానలేదు. డ్రాయింగ్ మాస్టారు రిటైరై కూడా వస్తున్నారు. గడియారం ముందు పెట్టి, పది నిమిషాల్లో బొమ్మ అయిపోవాలని గొణుగుడు పిల్లను తరుముతున్నారు. జూన్‌లో మళ్ళీ పరీక్ష. కానీ ఈసారి జవాబు పత్రాలు మార్చారట కదా. ఖాళీ పేజీ తీసేసి అంచుల దాకా గీతలు అచ్చువేశారని, ఎవరు బొమ్మ గీసినా పత్రం లాక్కోమని చెప్పారని విన్నాను. అట్ట మీద సూచనలు పదహారూ ఈసారి చదివాను. పిల్లల చేత కూడా చదివించాను.

ఏం చేయాలో వాళ్ళకు నేను చెప్పలేదు. నాకూ తెలియదు. భయంగా ఉంది అక్కా.

నీ చెల్లి

*

పరీక్ష కేంద్రం, పర్యవేక్షకుల గది
జూన్ 18

చెల్లీ,

ఇప్పుడే పరీక్ష అయింది. పత్రాల కట్టకు సీలు వేసి వెంటనే రాస్తున్నాను.

ఈ కేంద్రానికి నేను కావాలని రాలేదు, వంతు వచ్చింది. నువ్వు నా చెల్లెలివని ఇక్కడి పెద్దాయనకూ చెప్పాను. ఇంకో పర్యవేక్షకుడిని నా పక్కనే పెట్టి ఉండమన్నారు. నీ ఏడుగురూ ఒకే గదిలో, మూడో వరసలో పడ్డారు. ఎవరు గొణుగుడు పిల్లో పెదవులు చూసి పోల్చుకున్నాను. వాళ్ళకు నేనెవరో తెలియదు.

ప్రశ్నపత్రం ఇచ్చాం. గదిలో అందరూ చకచకా రాయడం మొదలుపెట్టారు. ఈ ఏడుగురూ పెన్నులకు మూతలు పెట్టి పక్కన పెట్టారు. కాసేపటికి ఒక్కొక్కరూ చూపుడువేలు బల్లమీద పెట్టి కదపడం మొదలుపెట్టారు. ఒట్టి చెక్క మీద, ఒట్టి వేలితో. నీ పిల్ల ఏటవాలుగా ఒక గీత గీసింది, తల వంచి దాన్ని చూసుకుంది, అరచేత్తో తుడిచి మళ్ళీ గీసింది. తుడవడానికి అక్కడ ఏమీ లేదు. పదహారు సూచనల్లో ఒక్కటీ దానికి అడ్డు రాదు, నేను నిలబడి అన్నీ ఒకసారి మనసులో చదువుకున్నాను.

నా పక్కనున్న పర్యవేక్షకుడికి అనుమానం వచ్చింది. "ఏమిటండీ వాళ్ళు, పది నిమిషాల నుంచి ఊరికే కూర్చున్నారు? ఏం చేస్తున్నట్టు?" అని అడిగాడు.

"రాస్తున్నారు" అన్నాను.

అక్క